ఖాళీ చేయకూడని కొలను

పోయిన వారం నదేజ్ డాక్టరుకి ఒక మాట ఇచ్చి వచ్చింది, గుర్తుందా? ఇవ్వడమంటే ఇచ్చేసింది గానీ, దాన్ని నిలబెట్టుకోవడం ఎంత పనో ఆవిడకీ తెలుసు, మనకీ తెలుసు.

ఆమె భర్త రెజిస్ జూన్ నెలలో నిచ్చెన మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. పక్కింటి అక్రోటు చెట్టు కొమ్మ ఒకటి వీళ్ళ ఈతకొలను మీదికి వాలి, ఆకులూ కాయలూ నీళ్ళలో రాల్చి, తొట్టి నిండా నల్లటి మరకలు చేస్తోందని దాన్ని కొయ్యడానికి ఎక్కాడు. ఆ సమయానికి తోటలో ఒక్కడే ఉన్నాడట. కేక విని పశువుల కొట్టంలోంచి పరుగెత్తుకొచ్చి అంబులెన్సుకి ఫోన్ చేసింది పక్కింట్లోనే ఉండే అతని అన్న మర్సియాలేనట. ఆ పూట మర్సియాల్ లేకపోతే రెజిస్ ఏమైపోయేవాడోనని ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అప్పట్నుంచీ రెజిస్ పట్నంలో చికిత్సాలయంలోనే ఉన్నాడు. కాళ్ళు కొద్దికొద్దిగా కదులుతున్నాయి గానీ నిలబడటం లేదు. "నేలమీద కంటే ముందు నీళ్ళలో నడుస్తాడమ్మా. ఇంట్లో కొలను ఉందన్నారు కదా, చలి తగ్గగానే రోజూ దింపండి. మాకున్న ఒక్క కొలనుకీ చాలామంది వరసలో ఉన్నారు," అన్నాడు డాక్టరు. "మే నెలకి మా కొలను సిద్ధంగా ఉంటుంది," అని నదేజ్ ఠక్కున అనేసింది.

మే నెలలో కొలను కావాలంటే అక్టోబరులో దాన్ని సరిగా మూయాలి. జురా కొండల కింద చలికాలం, కొలను మూసే విధానం తెలియని వాళ్ళ మీద జాలి చూపించదు. ఇన్నేళ్ళూ అది రెజిస్ పని. సాయంత్రానికి పొగబెట్టిన సాసేజీ, బంగాళాదుంపలు ఉడకబెట్టడం నదేజ్ పని. ఈ ఏడాది రెండూ ఆవిడ నెత్తినే పడ్డాయి.

*

సమాధుల పండగకి ముందు శనివారం. పొద్దున్నే రెజిస్‌ని చూడటానికి వెళ్ళింది. "ఇవాళ కొలను మూస్తున్నాను. ఏదైనా మర్చిపోతానేమో, చెప్పు," అని నవ్వుతూ అడిగింది. అతను నవ్వలేదు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ చెట్టు సంగతి గానీ ఆ రోజు సంగతి గానీ వస్తే ఎప్పుడూ అంతే. నదేజ్ ఇక పొడిగించకుండా దుప్పటి సర్ది వచ్చేసింది.

ఇంటికొచ్చి గేటు తీస్తుండగానే మోటారు చప్పుడు వినిపించింది.

పచ్చిక మీద మర్సియాల్ ట్రాక్టరు నిలబడి ఉంది. దాని వెనక పంపు. పంపు నుంచి తొడంత లావు గొట్టం ఒకటి కొలనులోకి దిగింది, ఇంకోటి కంచె దాటి కాలవలోకి పోయింది. మర్సియాల్ టోపీ వెనక్కి నెట్టుకుని, లోతు వైపు అంచున నిలబడి, చేసిన పని చూసుకుని మురుస్తున్నాడు. కొలనులో నీళ్ళు సగానికి పడిపోయాయి.

నదేజ్‌కి ఒళ్ళు మండింది. ఆవిడ బడి బస్సు నడుపుతుంది. బస్సు నిండా పిల్లలు అరుస్తున్నా ఆఖరి సీటు దాకా వినిపించే గొంతు ఆవిడది.

"ఆపండి బావగారూ! ఆపండి!"

మర్సియాల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఆఁ?"

ఇంక అరవలేదు. తిన్నగా ట్రాక్టరు దగ్గరికి నడిచి తాళం తిప్పేసింది. చప్పుడు ఆగింది. గొట్టం ఒకసారి గుటక వేసి ఊరుకుంది.

"అదేంటమ్మాయ్, ఇంకో గంటలో అయిపోయేది!" అన్నాడు మర్సియాల్. "నువ్వొచ్చేసరికి అడుగు కనిపించేలా చేద్దామనుకున్నా."

"ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?"

"ఎవరైనా చెప్పాలా? చలికాలం వస్తోంది. పశువుల నీళ్ళతొట్టి ఖాళీ చేస్తాం. కుళాయి గొట్టాలు ఖాళీ చేస్తాం. మందు కొట్టే డబ్బా ఖాళీ చేస్తాం. లేకపోతే గడ్డకట్టి టప్‌మని పగిలిపోవూ? ఇదీ అంతే. పెద్ద తొట్టి, అంతేగా తేడా."

మర్సియాల్ అన్నది వింటే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది. అరవయ్యేళ్ళు ఆ కొండకింద పాడిపశువులతో బతికినవాడు. మంచు రాకముందు నీళ్ళున్న ప్రతిదాన్నీ బోర్లించడం అతనికి చిన్నప్పట్నుంచీ అలవాటైన పని. అలాంటివాళ్ళే ఆ ప్రాంతంలో కొలనులు పాడుచేస్తారు. తెలియనివాళ్ళు కాదు, తెలుసుననుకునేవాళ్ళు.

"పెద్ద తొట్టే బావగారూ. కాకపోతే మీ తొట్టి నేలమీద ఉంది, నాది నేల లోపల ఉంది. రండి ఇలా."

"ఎక్కడికి?"

"రమ్మంటున్నానా!"

కొలనుకి ఓ పక్క, పచ్చికలో చేట వెడల్పున ఒక ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాని కింద ఒక గొట్టం తొట్టి అడుగు దాకా నిలువుగా దిగి ఉంటుంది. తొట్టిని పాతినరోజే దాన్నీ పాతారు. నేలలో ఊట ఎంత ఎత్తుకి వచ్చిందో చూసుకోవడానికి. నదేజ్ మోకాళ్ళమీద కూర్చుని మూత ఎత్తింది. రెండు వారాలుగా వదలకుండా వాన. గొట్టంలో నీళ్ళు గడ్డికి జానెడు కిందనే తళతళలాడుతున్నాయి.

మర్సియాల్ వంగి చూశాడు.

"మన కాళ్ళకింద ఇంత నీరుంది," అంది నదేజ్. "ఫైబర్ తొట్టి, లోపల నీళ్ళ బరువుతోనే అది కింద కూర్చునేది. ఆ బరువు తీసేస్తే ఊట దాన్ని కిందనుంచి తంతుంది. ఖాళీ బకెట్టుని మీ చెరువులో ముంచి చూడండి, మీ చేతికింద ఉంటుందేమో."

"ఏయ్, ఇంత తొట్టి తేలుతుందా ఎక్కడైనా!"

"నోటరీ గారి పూల్ మర్చిపోయారా?"

మర్సియాల్ మర్చిపోలేదు. ఊళ్ళో ఎవ్వరూ మర్చిపోలేదు. శుభ్రం చేయిస్తానని నోటరీ గారు మార్చిలో నీళ్ళన్నీ తోడించారు. తెల్లారేసరికి తొట్టి ఓ మూల నేలలోంచి మనిషి నడుమెత్తు లేచి కూర్చుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక జనం గుంపులుగా వెళ్ళి చూసొచ్చారు. అందరిలోకీ గట్టిగా నవ్వింది మర్సియాలే.

"అది... కట్టినవాడి తప్పనుకున్నాను," అన్నాడు మెల్లగా.

"తోడినవాడి తప్పు," అంది నదేజ్.

అంటూనే లోతు వైపు చూసింది. చూసి లేచి నిలబడిపోయింది. అంచు రాళ్ళ వరస తిన్నగా లేదు. మూల దగ్గర రెండు రాళ్ళు కొద్దిగా పైకి లేచాయి. రాయికీ గడ్డికీ మధ్య వేలు పట్టేంత సందు. పొద్దున వెళ్ళేటప్పుడు ఆ సందు లేదు.

మర్సియాల్ కూడా చూశాడు. అతని ముఖం పాలిపోయింది.

"దేవుడా! కదిలిందంటావా?"

"కదిలింది." నదేజ్ అతని వైపు తిరిగింది. "ఎందుకు చేశారు బావగారూ? నన్ను ఒక్క మాట అడగొచ్చుగా? నిన్నంతా కంచె అవతలే ఉన్నారు కదా!"

అతను టోపీ తీసి చేతుల్లో నలిపాడు. నీళ్ళవైపు చూడలేదు, చెట్టువైపు చూడలేదు, ఆమెవైపు అసలే చూడలేదు.

"నా అంతట నేనెందుకు చేస్తానమ్మా? రెజిసే చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"మొన్న వెళ్ళాను కదా, అప్పుడు. ఖాళీ చేసి మట్టితో నింపెయ్ అన్నయ్యా అన్నాడు. నేనింక ఈత కొట్టేదీ లేదు, నడిచేదీ లేదు, ఇంటికొచ్చాక దాన్ని చూస్తూ కూర్చోలేను అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. నువ్వు ఆశ పెట్టుకున్నావట."

నదేజ్ అంచు రాయి మీద కూలబడింది. ఇన్ని నెలలూ ఆవిడ ఏడవలేదని మీకు తెలుసు. ఆస్పత్రిలో ఏడవలేదు, బస్సులో ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది. గోడవైపు తిరిగిన ఆ ముఖం అర్థం ఇదన్నమాట. పొద్దున తను నవ్వుతూ అడుగుతుంటే, మట్టి పోయించమని అప్పటికే చెప్పేసి, దుప్పటి సర్దించుకున్నాడన్నమాట. కోపమా, దుఃఖమా అంటే రెండూ. అంతకంటే ఎక్కువగా అవమానం.

కాసేపటికి నదేజ్ చేతిరుమాలుతో ముఖం తుడుచుకుంది. "సరే. చెప్పాడా? చెప్పనివ్వండి. ఆయన నడుము విరిగితే ఆయన ఆశ విరిగింది. నాదింకా బాగానే ఉంది. మీ పంపు పనిచేస్తుందా?"

"చేస్తుంది. ఎందుకు?"

"ఆ గొట్టం కొలనులోంచి తీసి ఇందులో దింపండి. ముందు కిందనున్న ఊట తోడాలి. కొండమీది పెయ్యలకి నీళ్ళు మోసే ట్యాంకర్ ఉందిగా, అది తెండి. మీ ఊటబావి నీళ్ళు చాలు. ఇవాళ తోడిందంతా ఇవాళే తిరిగి పోస్తారు."

"ఇవాళా! సాయంత్రం పాలు పిండాలమ్మాయ్!"

"పిండుకోండి. మధ్యలో పోయండి. నా మొగుడికి మే నెలలో నీళ్ళు కావాలి, మట్టి కాదు."

ఆ గొంతుకి పెద్ద తరగతి పిల్లలే ఎదురు చెప్పరు. మర్సియాల్ గొట్టం లాగడానికి వెళ్ళాడు.

*

పంపు మళ్ళీ మొదలైంది, ఈసారి పని చెయ్యాల్సిన చోట. మర్సియాల్ ట్యాంకర్ కోసం వెళ్ళిన సందున నదేజ్ సామాన్ల గదిలోంచి రెజిస్ చేపలవేటకి వేసుకునే రబ్బరు లాగు తీసుకొచ్చింది. ఛాతీదాకా వచ్చే లాగు. రెజిస్ ఆరడుగుల మనిషి. ఆవిడ దాన్ని తొడుక్కుని పట్టీలు భుజాలమీద రెండు చుట్లు చుట్టుకున్నా, ఇంకో మనిషికి చోటుంది.

లోతు తక్కువ వైపు మెట్లు దిగింది. నీళ్ళు రబ్బరు బయట ఉన్నా చలి లోపలికి వచ్చేసింది. మామూలుగా నీటి కింద ఉండే గోడ రంధ్రాలు ఇప్పుడు బయటపడి ఉన్నాయి. పైపుల్లో మిగిలిన నీరంతా ఊది తీసి ఒక్కొక్క రంధ్రానికీ బిరడా బిగించింది. లేకపోతే ఆ పైపుల్లో నీరు గడ్డకట్టి, వసంతం వచ్చేసరికి పచ్చిక కింద ఎక్కడ పగిలిందో వెతుక్కోవాలి. తేలే ఆకుల్ని పట్టడానికి గోడలో ఉండే ఆకులబుట్ట నోట్లో సగం గులకరాళ్ళు పోసిన ప్లాస్టిక్ సీసా నిలబెట్టింది. మంచు బిగిసినప్పుడు గోడ బదులు సీసా నలుగుతుంది. ఇవన్నీ చేస్తూ రెజిస్‌ని తిట్టుకుంటూనే ఉంది. ఇన్నేళ్ళూ అతను చెబుతూ వచ్చినవన్నీ అతను చెప్పిన వరసలోనే చేస్తూనే ఉంది.

"కప్పలా ఉన్నావే!" అని పైనుంచి వినిపించింది.

అత్తగారు ఒదెత్. ఒక చంకలో సమాధికి పెట్టాల్సిన చామంతి కుండీ, ఇంకో చేతిలో సూపు గిన్నె. పెద్ద కొడుకు ఇంట్లో ఉంటుంది, రెండిళ్ళ మీదా ఓ కన్ను వేసి ఉంచుతుంది.

"అవునత్తయ్యా, మీ అబ్బాయి లాగులో కప్పే కాదు, ఎద్దు కూడా పడుతుంది."

"వాళ్ళ నాన్నదీ అంతే. తిండి పెట్టలేక చచ్చాను." ముసలావిడ అంచున నిలబడి లేచిన రాళ్ళు చూసింది, కాలవలోకి పోతున్న గొట్టం చూసింది. సంగతి ఆవిడకి ఇట్టే అర్థమైపోయింది. అప్పుడే ట్యాంకరుతో వచ్చిన కొడుకు మీద విరుచుకుపడింది. "ఒరేయ్, నోటరీ పూల్ చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వావు కదరా! ఇప్పుడు నవ్వు!"

"ఊరుకో అమ్మా."

"నీకేమైందిరా అసలు? వేసవి నుంచి తిండి సరిగా తినవు. ఈ వైపు కిటికీ తలుపు తియ్యనివ్వవు. తమ్ముడికి దెబ్బ తగిలితే తమ్ముడు మంచం పట్టాలి గానీ నువ్వు ఇలా అయిపోతున్నావేం?"

మర్సియాల్ ట్యాంకర్ కుళాయి తిప్పాడు. నీళ్ళు భళ్ళున తొట్టిలో పడ్డాయి. ఆ చప్పుడులో ఇంక ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు.

ట్యాంకర్ అలా తిరుగుతూనే ఉంది. మధ్యలో సూపు తాగారు, మధ్యలో మర్సియాల్ పాలు పిండి వచ్చాడు. పక్క గొట్టంలో ఊట దిగిపోయింది, కొలనులో నీళ్ళు పైకి వచ్చాయి. ఆకులబుట్ట నోటికి కాస్త కిందికి వచ్చాక నదేజ్ చాలు అంది. చలికాలం ఉండాల్సిన మట్టం అదే. అప్పుడు లోతు వైపు మూలకి వెళ్ళి సందులో వేలు పెట్టి చూసింది. వేలు పట్టలేదు. గోరు మాత్రం పట్టింది.

"కూర్చుంది," అంది. "కింద పైపు ఏమైనా వదులైందో లేదో వసంతంలోనే తెలుస్తుంది. కానీ కూర్చుంది."

ఒదెత్ సిలువ గుర్తు వేసుకుని, చామంతులు తీసుకుని, చీకటి పడకముందే సమాధుల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంక మిగిలింది రెండు పనులు. మంచు బిగిస్తే గోడల బదులు నలగడానికి ఖాళీ డబ్బాలు తాడుకి కట్టి, ఈ మూలనుంచి ఆ మూలకి నీళ్ళమీద అడ్డంగా వేశారు. తర్వాత పట్టా. ఆకుపచ్చటి పెద్ద పట్టా, ఇద్దరు చెరో పక్కా పట్టుకుని ఒకేసారి లాగితే గానీ కొలను మీద పడదు. ఒక్క చెయ్యి వదిలితే మొత్తం నీళ్ళలోకి జారిపోతుంది. ఇన్నేళ్ళూ అటు రెజిస్, ఇటు మర్సియాల్ పట్టుకునేవారు. లాగుతున్నంతసేపూ ఒకర్నొకరు తిట్టుకునేవారు.

"లాగండి బావగారూ. బిగువుగా."

"లాగుతున్నా."

పట్టా పూర్తిగా పరుచుకునేసరికి రబ్బరు లాగు లోపల ఎక్కడో ఫోన్ మోగింది. నదేజ్ ఒక చేత్తో తాడు మోచేతికి చుట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ తీసి భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. భోజనానికి ముందు రెజిస్ రోజూ చేస్తాడు. ఇవాళ అతనికి నాలుగు చీవాట్లు సిద్ధంగా పెట్టుకుంది.

"పొద్దున నీతో మాట్లాడలేదు," అన్నాడు రెజిస్. "ఏమీ అనుకోకు. మూసేశావా?"

"మూసేశాం. పట్టా లాగుతున్నాం. నిండుగా ఉంది నీ కొలను. నువ్వు మట్టి పోయించమన్నా నేను నీళ్ళే పోయించాను."

"మట్టేంటి?"

"తెలియనట్టు మాట్లాడకు. మీ అన్నయ్య అంతా చెప్పాడు. ఖాళీ చేసి పూడ్చెయ్యమన్నావుటగా? నాకు చెప్పొద్దన్నావుటగా?"

"నదేజ్, నేనెవరికీ ఏమీ చెప్పలేదు. రోజూ ఆ కొలను తలచుకునే కాళ్ళు కదుపుతున్నాను. అన్నయ్యతో నేను మాట్లాడి ఎన్నాళ్ళైందో తెలుసా? ఇక్కడికి వాడు ఒక్కసారి కూడా రాలేదు."

నదేజ్ మోచేతికి తాడు బిగుసుకుంది. ఎంత సంతోషం కలగాలో అంత సంతోషమూ కలిగింది, దాని వెనకే ఇంకేదో వచ్చి దాన్ని మింగేసింది. "రాలేదా? వారం వారం వస్తున్నాడుగా! మొన్న కూడా..."

"ఏ ముఖంతో వస్తాడు? ఆ రోజు కింద నిచ్చెన పట్టుకున్నది వాడే. నీకు చెప్పకూడదనుకున్నాను. పట్టుకో అన్నయ్యా, పట్టుకో అని నేను పైనుంచి అరుస్తూనే ఉన్నాను. కిందికి చూస్తే వాడు లేడు."

కొలనుకి అవతలి వైపు, రెండు చేతుల్తో తాడు పట్టుకుని మర్సియాల్ ఆమెనే చూస్తున్నాడు. ఫోన్లో మాటలు అతనికి వినబడవు. కానీ ఆమె ముఖం కనబడుతోంది. అతని చేతులు సడలాయి. పట్టా అటువైపు కిందికి వేలాడి నీళ్ళని తాకింది.

"వదలకండి!" అంది నదేజ్. అరవలేదు. అరిచి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. "నేను ఈ కొస కట్టేదాకా ఆ కొస వదలకండి. మే నెల దాకా ఈ పట్టా కదలకూడదు. కట్టాక మీరూ నేనూ వంటింట్లో కూర్చుందాం. నిచ్చెన సంగతి మీ నోటితో మీరే చెబుతారు."

మర్సియాల్ మళ్ళీ బిగించి పట్టుకున్నాడు. నదేజ్ వంగి, తొందరపడకుండా, అంచున నేలలో దిగ్గొట్టిన మేకులకి ఒక్కొక్క ముడీ వేసింది. చెవి దగ్గర రెజిస్ ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఆఖరి ముడి పడింది. అప్పుడు మర్సియాల్ తాడు వదలకుండానే, అవతల ఉన్న తమ్ముడికి కూడా వినబడేంత గట్టిగా అడిగాడు.

"వదిలేశాను. నిజమే. ఎందుకు వదిలానో వాడు చెప్పాడా? పైనుంచి నాతో ఏమన్నాడో చెప్పాడా నీకు?"

నదేజ్ ఫోన్‌ని చెవికి గట్టిగా ఆనించుకుంది. "రెజిస్? విన్నావా? ఏమన్నావు నువ్వు?"

రెజిస్ ఫోన్ పెట్టేశాడు.